పలకయు పుస్తకమును

బాలలారా! మన పొదిలికి పడమటనున్న మార్కాపురము పలకలకు పేరెన్నికగన్నది. పలకమీది తప్పును తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. అచ్చుపడిన తప్పు తుడిచినను పోదు.

యౌవనమున నేను చిన్ననవల నొకదానిని సొంతఖర్చుతో అచ్చువేయించితిని. తొందరపాటువలన ప్రూఫులను సరిచూడనైతిని. కథలోని 'దాత' ప్రతి పుస్తకమునందును 'తాత'యై వెలసెను! పిమ్మట ప్రతులన్నిటిని కలముతో దిద్దుకొంటిని.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి మార్గము వేరు. వారు 'రాజశేఖర చరిత్రము' నవలను 1878లో తమ 'వివేకవర్ధని' పత్రికలో భాగములుగా ప్రకటించి, 1880లో పుస్తకముగా వెలువరించిరి. గ్రంథమగుటకు ముందే అది పాఠకుల కన్నులబడినది. 1887లో దాని ఆంగ్లానువాదము లండనులో అచ్చయ్యెను.

మీరును నవల వ్రాసినచో, వ్రాతప్రతిని నెలదినములు దాచి, పిదప పరుల వ్రాతవలె చదువుడు. బిగ్గరగా చదువునపుడు నాలుక తడబడిన వాక్యమును తిరుగవ్రాయుడు. ప్రూఫులను మాత్రము మిత్రునిచే చదివింపుడు. వ్రాసినవాని కన్ను తన మనసులోని మాటనే చూచును గాని కాగితముమీది మాటను చూడదు. నేడు పది ప్రతులైనను అచ్చువేయించుకొన వీలున్నది. వానిని ముందుగా చదువరులకిచ్చి, వారు చూపిన తప్పులను దిద్దిన పిమ్మటనే తక్కినవి వేయింపుడు.

తన పుస్తకమును తానే ప్రచురించుకొనువానికి తప్పుపట్టు యజమాని వేరొకడు లేడు. కావున అతడు తన రచనకు తానే కఠినుడైన ఉపాధ్యాయుడు కావలెను.