మా జుక్కల్ 'పబ్'లో పొద్దున ఎనిమిదికే స్టాక్ ఖతం

మా టీమ్‌లో ఒకడు ఆన్‌సైట్ మీద ఇంగ్లండ్ వెళ్లాడు. దిగిన మొదటి వీకెండే మా వాట్సాప్ గ్రూప్‌లో ఫొటో పడింది. టౌన్ నడిబొడ్డున పాతకాలం పబ్, నల్లబడ్డ చెక్క బల్ల, దాని మీద గోధుమరంగు బీరు గ్లాసు. కింద రాశాడు: "లోకల్ కాస్క్ ఏల్. పీపాలోనే ఇంకా పులుస్తూ ఉంటుందట. గ్యాస్ కలపరు. తెరిచాక రెండు మూడు రోజుల్లో తాగెయ్యాలి. ఇలాంటిది మన దగ్గర ఎక్కడుంది రా?"

ఉంది. కాకపోతే దానికి బోర్డు ఉండదు, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ ఉండదు. రెండు మూడు రోజులు కాదు, సాయంత్రం దాకా కూడా ఆగదు.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు జుక్కల్. కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లో ఆ చివర. అటు పోతే మహారాష్ట్ర, ఇటు పోతే కర్ణాటక. సంతకు పోతే తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ నాలుగూ ఒకే బేరంలో వినిపిస్తాయి. ఈ సంక్రాంతికి రెండు రోజులు ఎక్కువ లీవ్ పెట్టి బండి మీద బయల్దేరా. సంగారెడ్డి, జోగిపేట, పిట్లం మీదుగా నాందేడ్ హైవే. ఇంటికి చేరగానే మా మేనమామను అడిగా. "మామా, అసలు కల్లు తాగాలి. చెట్టు కల్లు. తీసుకుపోతవా?"

మామ నా వంక కొంచెంసేపు చూశాడు. "పొద్దుగాల ఐదున్నరకు లేస్తవా మరి?" అన్నాడు.

మామ ఎందుకలా చూశాడో తర్వాత చెప్తా.

చెట్టు కిందే కౌంటర్

ఊరి బయట వాగు ఒడ్డున ఈతచెట్లు. మంచు ఇంకా తేలలేదు. మేం వెళ్లేసరికి గౌడ్ తాత అప్పుడే రెండో చెట్టు దిగుతున్నాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. నడుముకు ముత్తాదు, చెట్టు చుట్టూ మోకు, కాళ్లకు గుజి, వెనకాల గీత కత్తి. జిమ్‌లో పుల్అప్స్ మూడు దాటని నాకు ఆ దిగడం చూస్తేనే చెమట పట్టింది.

"పట్నం పిల్లగాడా?" అన్నాడు మామతో.

"మా అక్క కొడుకు తాతా. కంపినీల చేస్తడు."

"ఆకు పట్టుకో బిడ్డా."

మోదుగాకు డొప్ప చేతికిచ్చాడు. ముందు లొట్టిలోంచి నాలుగు చుక్కలు నేల మీద సాక పోశాడు, ఎల్లమ్మకు, కాటమయ్యకు. తర్వాత నా డొప్పలోకి. గ్లాసు ఉండదు. డొప్పను నోటి దగ్గర పెట్టుకుంటే ఆయన పైనుంచి పోస్తుంటాడు. మనం ఆగకుండా తాగాలి. మొదటిసారి సగం షర్ట్ తాగింది.

రుచి ఎలా ఉందంటే, కొబ్బరినీళ్లలో కొంచెం బెల్లం వేసి, దానికి మజ్జిగ పులుపు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా. నాలుక మీద సన్నగా చురచుర. వాసన మాత్రం కొత్తవాళ్లకు కష్టమే, అబద్ధం చెప్పను.

ఆ చురచుర ఎక్కడిదో తెలిస్తే మా ఇంగ్లండ్ మిత్రుడు సంతోషిస్తాడు. ఈత నీరు చెట్టులోంచి వచ్చేటప్పుడు మత్తు లేని తియ్యటి నీరే. లొట్టిలో పడగానే గాలిలో, కుండ గోడలకు ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా పని మొదలుపెడతాయి. చక్కెర ఆల్కహాల్ అవుతుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలై నురగ వస్తుంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, సాయంత్రానికి పుల్లగా. ఇంకా ఉంచితే సిర్కానే. కుండకు లోపల సున్నం పూస్తే పులవకుండా ఆగుతుంది, అదే నీరా. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్‌లో నీరా కేఫ్ తెరిచారు కదా, అక్కడ అమ్మింది అదే.

అంటే కాస్క్ ఏల్ లాగే ఇదీ బతికున్న సరుకు. తేడా ఏంటంటే అక్కడ పీపాను చల్లటి సెల్లార్‌లో పెట్టి జాగ్రత్త చేసే మనిషి ఉంటాడు. ఇక్కడ సెల్లార్ అనేది చెట్టు మొవ్వు దగ్గరుంది. రోజూ ఎక్కి దిగాలి.

ఈతచెట్టును దగ్గరగా చూడండి ఎప్పుడైనా. కాండం మీద మెట్లలా గాట్లుంటాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. ఒక ఏడు గీసిన వైపు మరుసటి ఏడు గియ్యరు. గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్లు కల్లు ఇచ్చిందో తెలుస్తుంది. తాత చేతిలో చెట్టుకు పద్నాలుగు. మూడు నాలుగు రోజులు గీస్తే అన్ని రోజులూ వదిలేస్తాడట. "రోజు గీస్తే సచ్చిపోతది బిడ్డా. దానికీ నిద్ర కావాలె" అన్నాడు.

తాటికి ఇంకో లెక్క. చలికాలం పోతుతాడు, ఆ తర్వాత పరుపుతాడు, ఎండలు ముదిరితే పండుతాడు. మగచెట్టు కల్లు వేరు, ఆడచెట్టు కల్లు వేరు. వైన్ తాగేవాళ్లు ద్రాక్ష రకాలు చెప్పినట్టు, మా దిక్కు పెద్దోళ్లు ఒక్క గుక్కలో ఏ తాడో చెప్పేస్తారు. నేను ఇంకా ఆ లెవెల్‌కు రాలేదు.

ఎనిమిది కాకుండానే లొట్లు ఖాళీ. మొత్తం తొమ్మిది మంది తాగాం. షాప్ క్లోజ్డ్.

మరి ఆ సీసాల్లో ఉండేదేంటి?

అక్కడే కూర్చుని ఒక లెక్క వేశా. వృత్తి రోగం.

మంచి ఈతచెట్టు రాత్రికి రెండు మూడు లీటర్లు దించితే గొప్ప. సరే, మూడే అనుకుందాం. బీరు సీసా 650 మిల్లీలీటర్లు, కేసుకు 12 సీసాలు, అంటే దాదాపు 8 లీటర్లు. ఒక్క కేసుకు మూడు చెట్లు. ఒక కల్లు బట్టిలో రోజుకు 50 కేసులు పోతాయనుకోండి. 150 చెట్లు ఈరోజు గీసినవి ఉండాలి. చెట్లకు విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి మొత్తం 300. వాటిని ఎక్కే మనుషులు కావాలి, రోజూ, వానొచ్చినా.

ఇప్పుడు మీ ఊరి బట్టిని తలుచుకోండి. కేసులు కనిపిస్తాయి. చెట్లేవి?

జవాబు మా జిల్లాలో అందరికీ తెలుసు. నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకు మందు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, అల్ప్రాజోలం. చివరి రెండూ డాక్టర్ చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మాత్రల మందులు, ఆందోళనకూ నిద్రకూ ఇచ్చేవి. ఊళ్లల్లో దాన్ని సూటిగా 'మందు కల్లు' అంటారు. దాచిపెట్టే మాట కూడా కాదు. చెట్టు కల్లు తాగితే ఏమీ ఎక్కదని, 'మందు కల్లే కావాలి' అని అడిగి తాగేవాళ్లున్నారు. చవకలో నిద్ర. రోజంతా కూలికి పోయి ఒళ్లు నొప్పులతో వచ్చిన మనిషి అడిగేది అదే కదా.

2025 ఏప్రిల్‌లో మా బాన్సువాడ దగ్గరే, నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడు జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు ప్రాణాలే పోయాయి. న్యూస్ చూసి 'అయ్యో' అనుకుని స్క్రోల్ చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని కావాల్సింది. కాలేకపోయా.

ఎందుకంటే 2015 సెప్టెంబర్ నాకు గుర్తుంది. అప్పుడు ఇంటర్ చదువుతున్నా. ప్రభుత్వం కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు చేసింది. సీసాల్లో మందు తగ్గింది. మంచిదే అనుకుంటాం. కానీ ఏళ్ల తరబడి ఆ మందుకు అలవాటైన ఒంటికి అది ఉన్నట్టుండి దొరక్కపోతే ఏమవుతుందో ఉమ్మడి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలు చూశాయి. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, ఫిట్స్, లేని మనుషులతో మాట్లాడటం. ఆసుపత్రుల్లో మంచాలు చాల్లేదు.

అందులో మా మామ ఒకడు. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడుస్తూనే ఉన్నాడు, రాత్రంతా. చీమలు లేవు. అమ్మమ్మ ఆయన కాళ్లు పట్టుకుని కూర్చుంది. 'తాగకు' అని ఇరవై ఏళ్లు పోరిన మనిషి ఆ రాత్రి నన్ను పక్కకు పిలిచి 'ఒక్క సీసా ఎక్కడన్న దొరుకుతదేమో చూసి రా బిడ్డా' అంది.

నేను తేలేదు. తెల్లారి ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు, అది సారా లాంటి అలవాటు కాదని, మాత్రల అలవాటని. అందుకే ఒక్కసారి మానేస్తే ప్రమాదం, డాక్టర్ చూస్తూ మెల్లగా తగ్గించాలి. మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే రూమ్‌లో పెట్టి తాళం వెయ్యకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మామకు మామూలు మనిషి కావడానికి చాలా నెలలు పట్టింది.

నలుగురు కూర్చుని మొదలుపెట్టారట

కాస్క్ ఏల్ కూడా ఒకప్పుడు పోయే దశలోనే ఉంది. 1960లలో ఇంగ్లండ్‌లో పెద్ద కంపెనీలు పులియడం ఆపేసిన, గ్యాస్ కొట్టిన కెగ్ బీరు తెచ్చాయి. ఎన్నాళ్లైనా పాడవదు, ఎవరైనా పొయ్యొచ్చు, పాత పీపాలెందుకు అన్నారు. 1971లో నలుగురు స్నేహితులు తాగుతూ మాట్లాడుకుని ఒక ఉద్యమం మొదలుపెట్టారు, పేరు కామ్రా. ఏ పబ్‌లో అసలు ఏల్ దొరుకుతుందో గైడ్ అచ్చేశారు. జనం ఆ పబ్‌లు వెతుక్కుంటూ పోయారు.

మనకు అలాంటి గైడ్ ఏదీ? తెలంగాణలో గీత సొసైటీలున్నాయి, లైసెన్సులున్నాయి, ఏమీ కలపకూడదని రూలుంది. చెట్టు మీంచి పడి చనిపోయేవాళ్లు ఎక్కువని 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. కానీ తాత కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. "కిట్టు మంచిదే. ఎక్కెటోడు ఏడి?" అన్నాడాయన.

హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీకి పోయి 'ఇది ఫ్రెష్, ఇక్కడే చేస్తారు' అని గ్లాసుకు వందలు పెడతాం. నేనూ పెడతా. తాత అడిగింది అందులో పదో వంతు కూడా లేదు. ఎక్కువ ఇస్తే తీసుకోలేదు. "రేపు కూడ రా" అన్నాడు.

కల్లు తాగాలనుకుంటే నాకు తెలిసిన పరీక్ష ఒకటే. 'ఏ చెట్టుది?' అని అడగండి. వేలు పెట్టి చూపిస్తే తాగండి. 'ఎందుకు నీకు?' అంటే లేచి వచ్చెయ్యండి.

మామ మాత్రం ఆ పొద్దంతా గట్టు మీద కూర్చున్నాడు, తాగలేదు. పదేళ్లయింది ముట్టక. తాత అలవాటుగా ఆయన వైపు డొప్ప చాపాడు. మామ తీసుకున్నాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"గిదే తాతా అసలుది. మా నాయిన తాగేటప్పుడు గిదే వాసన" అన్నాడు. డొప్ప నా చేతిలో పెట్టి బండి స్టార్ట్ చెయ్యడానికి పోయాడు.

ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టా. ఇంగ్లండ్ నుంచి వెంటనే రిప్లై: "నాకూ ఒక బాటిల్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టు రా, మార్చ్‌లో వస్తున్నా."

ఫ్రిజ్‌లో ఆగదురా, మార్చ్‌లో నువ్వే రా, అప్పటికి తాటికల్లు జోరు మీదుంటది అని రాశా. ఐదున్నరకు లేవాలని మాత్రం ఇంకా చెప్పలేదు.