పనిముట్టు ఎవరి చేతికి? మేలు ఎవరికి?



మైలవరం చుట్టుపక్కల పల్లెల్లో అంగన్‌వాడీ టీచరు చేతిలో సెల్‌ఫోను కనిపించడం మనకు అలవాటైపోయింది. ఒకప్పుడు ఆ చేతిలో రిజిస్టరు ఉండేది. ఆ ఫోను సరదాకు ఇచ్చినది కాదు, కొలువు కోసం ఇచ్చినది. దానివల్ల ఆమె పని తేలికైనదా? మన పిల్లలకు మేలు కలిగిందా? ఈ రెండు ప్రశ్నలను గూర్చి ఈ నెల పాఠకులతో కలిసి కొంచెం నిదానంగా ఆలోచించాలని కోరుతున్నాము.

రిజిస్టరు నుండి ఫోనుకు

అంగన్‌వాడీల పథకం మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైంది. పౌష్టికాహారం, బడికి ముందటి చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ అనే ఆరు సేవలను ఈ కేంద్రాలకు అప్పగించారు. ప్రతి సేవకు లెక్క రాయాలి. అందుచేత ఏళ్ళ తరబడి టీచరమ్మల పొద్దు పిల్లలతో కొంత, పుస్తకాలతో కొంత గడిచిపోయేది.

2018 మార్చి 8న కేంద్ర ప్రభుత్వం పోషణ్ అభియాన్ ప్రారంభించి, కార్యకర్తలకు ఫోన్లతోపాటు పసివారి పొడవు, ఎత్తు కొలిచే పరికరాలు, తూకం యంత్రాలు ఇవ్వడానికి పూనుకున్నది. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చింది. అంతకు ముందే, 2016లో, మన రాష్ట్రంలో ఏఎన్ఎం సోదరీమణులకు ట్యాబ్‌లు అందాయి. గర్భిణుల వివరాలు, టీకాల తేదీలు అందులోనే నమోదు చేయడం మొదలైంది.

ఇందులో నిజమైన మేలున్నది. బిడ్డ బరువు రిజిస్టరులో రాసి బీరువాలో పెడితే, నెలాఖరున లెక్కలు పై కార్యాలయానికి వెళ్ళేవరకు అడిగే నాథుడు ఉండకపోవచ్చు. ఇప్పుడు బరువు, ఎత్తు నమోదు చేయగానే ఆ బిడ్డ వయసుకు తగినట్లు ఎదుగుతున్నదీ లేనిదీ యాప్ వెంటనే చూపిస్తుంది. పని కోసం ఊరు మారిన కూలి కుటుంబం పేరును పాత కేంద్రం నుండి కొత్త కేంద్రానికి మార్చుకునే వీలు కూడా ఉన్నది. కడుపు నిండని బిడ్డను నెల ముందుగా గుర్తించగలిగితే అది చిన్న సంగతి కాదు.

ఇంజను పోయి మోటారు వచ్చినా

అయితే పనిముట్టు ఇచ్చినంత మాత్రాన పని బాగుపడదని చరిత్ర చెబుతున్నది. అమెరికాలో 1880లలో కరెంటు వచ్చింది. అప్పటివరకు ఒక్కొక్క కర్మాగారంలో ఒకే పెద్ద ఆవిరి ఇంజను ఉండి, పొడవాటి ఇరుసులు, బెల్టుల ద్వారా యంత్రాలన్నిటినీ తిప్పేది. యజమానులు ఆ ఇంజనును తీసి దాని స్థానంలో ఒక పెద్ద మోటారును పెట్టారు. బెల్టులు అలాగే ఉన్నాయి, యంత్రాల వరుస అలాగే ఉన్నది. లాభం స్వల్పమే అయినది. ప్రతి యంత్రానికి దాని చిన్న మోటారు అమర్చి, పని జరిగే క్రమాన్నే మార్చిన తరువాత, 1920లలో ఉత్పత్తి గణనీయంగా పెరిగింది. పాల్ డేవిడ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1990లో ఈ సంగతిని వివరంగా రాశారు.

మన రైతుకు ఇది కొత్త మాట కాదు. ట్రాక్టరు కొని, పొలానికి వెళ్ళే డొంకను వెడల్పు చేయకపోతే ఆ ట్రాక్టరు ఇంటి ముందే నిలబడుతుంది. అలాగే ఫోను ఇచ్చి రిజిస్టరును కూడా రాయమంటే ఒకే బిడ్డ బరువును రెండుసార్లు రాసినట్లవుతుంది. అప్పుడు ఫోను పనిని తగ్గించలేదు, పెంచింది.

తిరిగి వచ్చిన ఫోన్లు

2021 ఆగస్టులో మహారాష్ట్రలో జరిగినది గమనించదగినది. అక్కడ అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను వేల సంఖ్యలో అధికారులకు తిరిగి ఇచ్చివేశారు. వారు సోమరులై చేసిన పని కాదది. ఫోనులో జ్ఞాపకశక్తి చాలక యాప్ ఆగిపోతున్నదనీ, గ్యారంటీ గడువు తీరిపోయినందున మరమ్మతు ఖర్చు తమమీద పడుతున్నదనీ, యాప్‌లోని ఇంగ్లీషు తమకు అర్థం కావడం లేదనీ వారు మొరపెట్టుకున్నారు.

గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్న ఫరో కథ మన పాఠకులకు తెలియనిది కాదు. చాలని ఫోను ఇచ్చి, సరిపడిన లెక్క అడగడం దానికి ఎంత దూరంలో ఉన్నది?

ముఖం చూపితేనే సరుకు

2025 జూలై 1 నుండి ఇంటికి ఇచ్చే పౌష్టికాహారానికి ముఖం గుర్తింపు పద్ధతిని తప్పనిసరి చేశారు. మొదట ఆధార్ ద్వారా తల్లి వివరాలు సరిచూడాలి. ఆ తరువాత సరుకు ఇచ్చేటప్పుడు ఆమె ముఖాన్ని ఫోటోతో పోల్చాలి. సరుకు పక్కదారి పట్టకుండా చూడాలనే ఉద్దేశం మంచిదే. కాని ఆధార్‌కు కలిపిన నంబరు భర్త ఫోనుదైతే, ఆయన దూరపు ఊరిలో పనిలో ఉంటే, ఓటీపీ ఆయన దగ్గరకు వెళ్తుంది. చంటిబిడ్డతో తల్లి కేంద్రం గుమ్మంలో నిలబడుతుంది. సిగ్నలు అందని రోజున కూడా ఇదే తిప్పలు. అప్పుడు ఆ తల్లి ఎవరిని అడుగుతుంది? యంత్రాన్ని కాదు, ఎదుట ఉన్న టీచరమ్మనే. యంత్రం చేసిన ఆలస్యానికి మాట పడేది మనిషి.

ఆ మనిషికి దక్కే గౌరవ వేతనం ఎంతో కూడా గుర్తుంచుకోవాలి. నెలకు 11,500 రూపాయల మీద బ్రతుకుతూ, జీతం పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని మన రాష్ట్రపు అంగన్‌వాడీ సిబ్బంది 2023 డిసెంబరు 12 నుండి 42 రోజులు సమ్మె చేశారు. పనిముట్టు మెరుగుపరచి పనివారిని మరచిపోతే, పని నడవదు.

మనము చేయగలిగినది

ఫోన్లు పంచే అధికారులకే గాక, బడి, హాస్టలు, ఆసుపత్రి, సంఘపు కార్యాలయం నడిపేవారికి కూడా ఇవి వర్తిస్తాయని మా అభిప్రాయం. కొత్త పరికరం ఇచ్చే ముందు, దానితో పని చేయవలసిన వారినే అడగండి. అది తెలుగులో మాట్లాడాలి. ఇచ్చిన రోజే నేర్పించాలి. చెడిపోతే ఎవరు బాగుచేయాలో, ఖర్చు ఎవరిదో ముందే తేల్చాలి. కొత్త లెక్క మొదలుపెట్టిన రోజున పాత లెక్కను మాన్పించాలి. సిగ్నలు లేని రోజున ఏమి చేయాలో చెప్పాలి.

కుటుంబాలుగా మనకూ బాధ్యత ఉన్నది. గర్భిణి అయిన కోడలి ఆధార్‌కు ఆమె దగ్గరుండే ఫోను నంబరు కలిపించండి. తూకం వేసే రోజున పిల్లలను తప్పక తీసుకొని వెళ్ళండి. బిడ్డ బరువు ఎంత, పోయిన నెలకంటే పెరిగినదా అని అడిగి తెలుసుకోండి. ఫోను వాడకం బాగా తెలిసిన యువతీయువకులు ఒక సాయంత్రం టీచరమ్మ దగ్గర కూర్చుని ఆమెకు అర్థం కానిది నేర్పగలరు. ఇబ్బందులు ఉంటే ఆమె ఒక్కదానినే మాట్లాడనివ్వక, గ్రామసభలో తల్లిదండ్రులుగా మనమే లేచి చెప్పాలి.

ఏ పరికరమైనా మంచిదా కాదా అని తేల్చడానికి ఒక కొలత చాలు. అది మిగిల్చిన గంట ఎక్కడికి పోయింది? పిల్లలకు పాట నేర్పడానికీ, బక్కచిక్కిన బిడ్డ ఇంటికి నడిచి వెళ్ళడానికీ ఆ గంట దక్కితే ఆ ఫోను సార్థకమైనట్లే. ఇంకొక లెక్క నింపడానికే పోతే, ఎంత ఖరీదైనదైనా అది బరువే.