ఛాయా సోమేశ్వరుడికి ఒక వెబ్ పేజీ

నల్లగొండ పక్కనే పానగల్. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల నాటి త్రికూటాలయం. పొద్దు ఎటు తిరిగినా ఒక గర్భగుడిలో శివలింగం మీది నీడ కదలదు. ఈ గుడి మీద ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక వెబ్ పేజీ చెయ్యమని బీఈడీ విద్యార్థులకు చెప్పి చూడండి. వెనక గుడి ఫొటో, దాని మీద పసుపు అక్షరాలు, పైన పరుగెత్తే ‘సుస్వాగతం’, వీలైతే గంట మోత. చాలా పేజీలు ఇలాగే వస్తాయి. వాటి వెనకున్న అపోహలు ఇవి.

అపోహ: వెబ్ పేజీ అంటే కోడింగ్, అది కంప్యూటర్ సార్ పని.
గూగుల్ సైట్స్‌లో ఒక్క లైను కోడ్ రాయకుండానే పేజీ కట్టొచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడమే అసలు పని. పాఠ్య పథకం రాసే చేతికి అది కొత్తేం కాదు.

అపోహ: హంగు ఎంత ఉంటే పిల్లలు అంత శ్రద్ధగా చూస్తారు.
చూస్తారు, హంగునే. ఈ పేజీలో పిల్లలు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: నీడ ఎందుకు కదలదు? ఎండ నేరుగా పడి వచ్చిన నీడైతే పొద్దుతో పాటు జరగాలి. జరగడం లేదంటే వెలుతురు మరో దారిన వస్తున్నట్టే. స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురు అది. దీన్ని చూపడానికి ఒక గీత బొమ్మ, నాలుగు బాణాలు చాలు. పాఠానికి సంబంధం లేని సంగీతం, ముచ్చట్లు చేరిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చూపాయి. గంట మోత గుళ్లోనే బాగుంటుంది.

అపోహ: తెలుగు తెర మీద కనిపిస్తే చాలు, ఏ ఫాంటయితేనేం.
అసలు చిక్కంతా ఇక్కడే. డీటీపీ సెంటర్లలో వాడే పాత ‘అను’ ఫాంట్లలో పైకి కనిపించేది తెలుగే గాని, లోపల ఉండేవి ఇంగ్లిషు గుర్తులు. ఆ ఫాంటు లేని ఫోన్లో అంతా పిచ్చిగీతలు. అందుకని దాన్ని బొమ్మగా మార్చి వాట్సాప్‌లో పంపుతారు. అప్పుడది వెతికితే దొరకదు, చూపు లేని విద్యార్థికి ఫోన్ చదివి వినిపించడమూ కష్టం. ప్రపంచ భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది; ఇంకా బొమ్మలు పంపుకోవడం మన బద్ధకం.

యూనికోడ్‌లో ‘శ్రీ’ ఒక్క అక్షరం కాదు, నాలుగు సంకేతాల కూర్పు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ కూర్పు పెద్ద కంపెనీలనూ తికమక పెట్టింది. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని ఒక సంకేతం మధ్యలో చేరిన ‘జ్ఞా’ కనిపిస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ హడావిడిగా అప్‌డేట్ ఇచ్చింది. జ్ఞానంలోని మొదటి అక్షరానికే ఇంత శక్తి!

ఇక వరుసలు. మనకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిషుకు సరిపోయే ఎడం ఇస్తే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఎడం ఇవ్వండి. చిన్న సైజులో బోల్డ్ చేస్తే అక్షరాల కడుపులు పూడిపోతాయి. తెలుగులో పెద్ద బడి అక్షరాలు లేవు కాబట్టి, శీర్షికకు సైజు, చుట్టూ ఖాళీ జాగా, ఇవే ఆధారం. మండలి, మల్లన్న, నోటో వంటి ఫాంట్లు ఉచితమే. ఫొటో మీది పసుపు అక్షరాలంటారా? అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరానికి, వెనకనున్న రంగుకు మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలి. ఫొటోలో ఆకాశం వచ్చిన చోటల్లా పసుపు అక్షరాలు ఈ పరీక్షలో తప్పుతాయి.

అపోహ: గూగుల్‌లో దొరికిన ఫొటో అందరిదీ.
1957 కాపీరైట్ చట్టం తరగతిలో బోధనకు కొంత వెసులుబాటు ఇచ్చింది. లోకమంతా చూసే పేజీలో పెట్టడం వేరు. వికీమీడియా కామన్స్‌లో లైసెన్సు చూసి, తీసినవారి పేరు రాసి వాడుకోండి. అంతకన్నా సులువు, బస్సెక్కి పానగల్ వెళ్లి మీరే తీసుకోవడం.

అపోహ: ఈ తరం పిల్లలకు అన్నీ వచ్చు.
రీల్స్ వచ్చు. సేవ్ చేసిన ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో అడిగి చూడండి.

పేజీ అయ్యాక ల్యాప్‌టాప్‌లో మురిసిపోకండి. మిట్టమధ్యాహ్నం గుడి ఆవరణలో నిలబడి, గీతలు పడిన ఓ చవక ఫోన్‌లో తెరవండి. ఎండలో చదవలేకపోతే రంగులు మళ్లీ చూసుకోవాలి.