గేటు దగ్గరే పడే మార్కులు

హైదరాబాద్ కొండాపూర్‌లో పొద్దున ఏడున్నరకు ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరైనా నిలబడి చూడండి. ఏసీ బస్సు వచ్చి టై కట్టుకున్న పిల్లల్ని ఎక్కించుకుపోతుంది. కాసేపటికి సెల్లార్ గదిలోంచి వాచ్‌మన్ కూతురు రెండు జడలేసుకుని, జిల్లా పరిషత్ హైస్కూలుకు నడిచి బయల్దేరుతుంది. అందరిదీ ఒకటే పిన్‌కోడ్. బస్సు వెళ్లే బడికి ఫలానా పత్రిక ర్యాంకు ఉంది, ఫోన్లో స్టార్లున్నాయి. ఆ పిల్ల చదివే బడికి ఎన్ని స్టార్లో వెతికినవాళ్లు మా గేటెడ్ కమ్యూనిటీలో లేరు.

దసరా సెలవులు అయ్యాయో లేదో మా వాట్సాప్ గ్రూపులో 'ఏ స్కూలు బెస్ట్' మొదలవుతుంది. జవాబులన్నీ అంకెలే. ఈ అలవాటు సగం డాలస్ నుంచి వచ్చిందే. అక్కడి ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనే మనవాళ్లు తూర్పు ముఖం తర్వాత చూసుకునేది, గ్రేట్‌స్కూల్స్ సంస్థ ఆ వీధి బడికి పదికి ఎంత ఇచ్చిందన్నదే. ఆ సంస్థ పుట్టింది 1998లో. చాలాకాలం ఆ అంకెకు ఆధారం పరీక్ష మార్కులు. అంకె బాగుంటే ఇళ్ల ధర పెరుగుతుంది. ధర పెరిగితే ఉన్నవాళ్లే వస్తారు. వాళ్ల పిల్లలకు మార్కులొస్తాయి, అంకె మళ్లీ పెరుగుతుంది. విమర్శలు ముదిరాక, పిల్లలు ఏడాదిలో ఎంత ఎదిగారో కూడా లెక్కేయడం 2017లో మొదలుపెట్టారు.

మన దగ్గర వడపోత అడ్రసుతో జరగదు, ఫీజుతో, ఇంటర్వ్యూతో జరుగుతుంది. ఇంటర్వ్యూ అనకూడదు లెండి, 'ఇంటరాక్షన్' అనాలి. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునే ముందు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పరీక్షించడం నేరం. మొదటిసారికి రూ.25 వేలు, ఆపై ప్రతిసారీ రూ.50 వేల దాకా జరిమానా. ఇక్కడి పేరున్న బడుల్లో నర్సరీ ఫీజే దానికి కొన్ని రెట్లు. మావాణ్ని తీసుకెళ్లిన ఒక స్కూల్లో వాడిని రంగుల పేర్లు అడిగి, నన్ను కంపెనీ పేరు అడిగారు. వాడు పసుపును ఆకుపచ్చ అన్నా సీటొచ్చింది.

ఇలా ఏరి చేర్చుకున్న పిల్లలు పదో తరగతిలో తొంభై శాతం తెచ్చుకుంటే అందులో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత? పత్రికల ర్యాంకులు ఇది తేల్చవు. ఎడ్యుకేషన్ వరల్డ్ లాంటివి తల్లిదండ్రులనూ టీచర్లనూ ప్రిన్సిపాళ్లనూ అభిప్రాయం అడిగి మార్కులు వేస్తాయి. పేరున్న బడికే మళ్లీ పేరు.

సర్కారు లెక్క వేరు. కేంద్ర విద్యాశాఖ జిల్లాలకిచ్చే పనితీరు సూచీలో పదులకొద్దీ అంశాలకు 600 మార్కులు. చదువు ఫలితాలకే 290. చూడ్డానికి శాస్త్రీయమే. కానీ గ్రేడు జిల్లా మొత్తానికి ఒక్కటి. శేరిలింగంపల్లీ యాచారమూ ఒకే రంగారెడ్డి జిల్లా మరి. ఆ సగటులో కొండాపూర్‌లోని ఏసీ బస్సుకూ రెండు జడల పిల్లకూ మధ్య దూరం కనిపించదు.

ఈ ఐటీ కారిడార్‌లో టవర్లు కట్టేది పాలమూరు, ఒడిశా, బిహార్ కూలీలు. వాళ్ల పిల్లలు సర్కారు బడిలో జూన్‌లోనే చేరాలనేముంది? పని దొరికినప్పుడు వస్తారు, స్లాబు పూర్తవగానే పోతారు. ఏడో తరగతిలో కూడబలుక్కుని చదివే పిల్లను ఎనిమిదికల్లా పేజీ చదివేలా చేసిన టీచరమ్మకు ఏ పత్రిక ర్యాంకులోనూ గడి లేదు. నన్నడిగితే నాణ్యతంటే అదే.

ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలని 2009 నాటి ఆ విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2022-23లో మొదలుపెట్టింది. తెలంగాణలో చట్టం వచ్చిన పదేళ్ల తర్వాతా ఆ బస్సులో వాచ్‌మన్ కూతురికి సీటు దొరకలేదు. పోనీ ఎక్కించుకుంటే, సిటీలో ఆ బడికున్న మూడో ర్యాంకు మూడుగానే ఉంటుందా?

తెలంగాణలో 2018 చట్టంతో ఇంటర్నేషనల్ స్కూల్లోనూ తెలుగు తప్పనిసరైంది. మా బ్లాకులో ఐదో తరగతి కుర్రాడికి సాయంత్రాలు ఒత్తులు దిద్దించేది ఆ రెండు జడల పిల్లే. ఫీజు, వారానికో డైరీమిల్క్.