చదవడంలో వెనుకబడిన పిల్లలు లాయర్లు కాగలరా?

“మావాడు మాట్లాడితే లాయరనుకుంటారు డాక్టరుగారూ, మార్కులు చూస్తే ఇంటరుతో ఆపేద్దామనిపిస్తుంది.” మా ఓ.పి.లో తల్లిదండ్రుల నోట ఇలాంటి మాట తరచు వింటుంటాము. ఆపేయకండి అని చెప్పడం తేలికే. ఎందుకు ఆపకూడదో, ముందుగా ఏమేమి చేసుకోవాలో కూడా చెప్పాలి కదా.

డిస్లెక్సియా అంటే తెలివితక్కువతనం కాదు. అక్షరాన్ని దాని ధ్వనితో కలిపి చదివే పని మెదడులో నెమ్మదిగా సాగడం. ఎ.డి.హెచ్.డి. ఉన్నవారికి శ్రద్ధ నిలవదు, నచ్చిన పని దొరికితే మాత్రం లోకాన్నే మరచిపోతారు. ఆటిజంలో ఎదుటివారి మనసులోని మాట పట్టుకోవడం కష్టం. కొందరికి రద్దీ, శబ్దం, బట్ట ఒరిపిడి కూడా భరించరానివి. ఇలా మెదడు పనితీరు భిన్నంగా ఉన్నవారిని న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. డిస్లెక్సియాను, ఆటిజాన్ని పోగొట్టే సిరప్పులు, టానిక్కులు లేవు. ఉన్నాయని ఎవరైనా అమ్మితే కొనకండి. ఎ.డి.హెచ్.డి.కి మాత్రం వైద్యుని పర్యవేక్షణలో వాడే మందులు చాలామందికి పనిచేస్తాయి.

అమెరికాలో డేవిడ్ బోయిస్ అనే పేరుమోసిన న్యాయవాది ఉన్నారు. డిస్లెక్సియా వల్ల ఆయనకు మూడో తరగతి దాకా చదవడం రాలేదు. మైక్రోసాఫ్ట్ మీద ప్రభుత్వం వేసిన కేసును వాదించింది ఆయనే. 2000 అధ్యక్ష ఎన్నికల వివాదంలో అల్ గోర్ తరపున సుప్రీంకోర్టులో నిలబడ్డదీ ఆయనే (ఆ కేసు గెలవలేదనుకోండి). చదువు నెమ్మది కాబట్టి వినడం మీద, జ్ఞాపకం మీద ఆధారపడ్డానని ఆయన చెప్పుకున్నారు. అదే దేశంలో హేలీ మాస్‌కు మూడేళ్ల వయసులో ఆటిజం ఉన్నట్టు తేలింది. 2019లో ఆమె ఫ్లోరిడాలో న్యాయవాదిగా నమోదయ్యారు.

అందరూ బోయిస్‌లు కానక్కరలేదు. మన దగ్గర వకీలంటే కోర్టులో గొంతెత్తి వాదించేవారే గుర్తుకొస్తారు. దస్తావేజులు రాసేవారు, పన్నుల కేసులు చూసేవారు, పేటెంట్లు నమోదు చేయించేవారు, సీనియర్లకు పాత తీర్పులు వెతికి ఇచ్చేవారు కూడా న్యాయవాదులే. ఒప్పందంలో ఒక్క పదం తేడాగా ఉన్నా కంటికి ఆనే ఆటిజం యువకునికి దస్తావేజుల పని బాగా నప్పవచ్చు. నలుగురిలో గలగలలాడే ఎ.డి.హెచ్.డి. అమ్మాయికి కోర్టు హాలే నచ్చవచ్చు. ఆమెకు ప్రమాదమల్లా తేదీలతోనే. సివిల్ డిక్రీ మీద జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. తేదీ మరిచారంటే నష్టపోయేది కక్షిదారు. కాబట్టి వాయిదాలు తన డైరీలోను, గుమస్తా డైరీలోను, ఫోనులోను మూడుచోట్లా ఉండాలి. ఇక బట్టల ఒరిపిడి పడనివారికి ఒక చిన్న ఊరట: వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు.

అసలు గండం అంతకుముందే, ప్రవేశపరీక్షలో ఉంది. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. అయితే ప్రశ్నలు పొట్టివి, తెలుగులోనూ ఉంటాయి. నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు రాసే క్లాట్‌లో పొడవాటి ఇంగ్లీషు పేరాలు చదివి జవాబులు గుర్తించాలి. డిస్లెక్సియా ఉన్నవారికి అది మరీ కష్టం. ఇక్కడే చట్టం చేయూతనిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఆటిజం ఉంది, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. ఎ.డి.హెచ్.డి. పేరు మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు కూడా దొరుకుతారు.

మరి 40 శాతం లేనివారి సంగతేమిటి? చేతిరాత సమస్య ఉన్న ఒక వైద్య పట్టభద్రుడు సివిల్స్ పరీక్షకు సహాయకుణ్ణి అడిగితే, వైకల్యం 40 శాతం లేదని కాదన్నారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. సహాయకుని కోసం 40 శాతం నిబంధన పెట్టకూడదంది. ఈ తీర్పు మా దగ్గరికి వచ్చే చాలా కుటుంబాలకు తెలియదు.

అయితే హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే ఇవేవీ అందవు. దరఖాస్తు నాటికే పత్రం చేతిలో ఉండాలి. చిన్నప్పటి పత్రం ఉన్నా పెద్దయ్యాక మళ్లీ పరీక్ష చేయించవలసి రావచ్చు. పదో తరగతి అవగానే మొదలుపెట్టమని మా సలహా. పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని పత్రం వద్దనేవారూ ఉన్నారు. ఆ భయం మాకు అర్థమవుతుంది గాని, పత్రం దాచినందువల్ల పరీక్షలో సమయం పెరగదు.

మొదటి పరీక్షకు మీ అబ్బాయినో అమ్మాయినో తీసుకువచ్చేటప్పుడు మార్కుల జాబితాలతోపాటు పాత నోటుపుస్తకాలు రెండు మూడు తీసుకురండి. అక్షరాలు ఎక్కడ తడబడుతున్నాయో వాటిలో తెలుస్తుంది. వినికిడి, చూపు పరీక్షలు ముందు చేస్తాము. తరువాత సైకాలజిస్టు రెండు మూడు విడతలుగా కూర్చుంటారు. ప్రభుత్వ ధ్రువపత్రం మేము ఇవ్వలేము, అది ప్రభుత్వ వైద్యాధికారుల చేతిలోనిది. అక్కడికి పట్టుకెళ్లడానికి మా నివేదిక రాసి ఇస్తాము.