కరాటే సంచి

సాయంత్రం అయింది. బిడ్డ బడి నుంచి వచ్చింది. భుజాన ఉన్న కరాటే సంచిని మూలకు పడేసింది. గదవ కింద గోక్కుంటూ కూర్చుంది. అమ్మ దగ్గరికి పోయి చూసింది. రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. గుండ్రంగా ఉంది.

"ఇదేంది బిడ్డా?"

"ఏమో అమ్మా. వారం నుంచి దురద పెడుతుంది. కరాటే అయినంక ఇంకా ఎక్కువైతది."

"అయితే రేపటి నుంచి కరాటే బంద్ చెయ్యి."

ధర్మసాగర్‌లో ఏ ఇంట్లోనైనా ఈ మాట రావచ్చు. కానీ తప్పు కరాటేదా? సంచిదా? సంచి విప్పి చూద్దాం.

సంచిలో ఏముంది?

సర్కారు బడుల్లో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ విద్య నేర్పుతున్నారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆడేటప్పుడు దెబ్బ తగలకుండా తొడుగులు వేసుకుంటారు. చేతులకు గ్లౌజులు. తలకు హెడ్‌గార్డు. ఛాతీకి, కాళ్లకు గార్డులు. పళ్లకు మౌత్‌గార్డు. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. బాక్సింగ్‌లో కూడా ఇట్లాంటి తొడుగులే ఉంటాయి.

ఈ తొడుగుల లోపల మెత్తటి స్పాంజి ఉంటుంది. అది దెబ్బను ఆపుతుంది. చెమటను కూడా పీల్చుకుంటుంది.

తేమ ఆరని వడ్లను బస్తాకెత్తితే ఏమవుతుంది? వేడెక్కి బూజు పడతాయి. ఇది మనకు తెలిసిందే. మూత వేసిన సంచిలో కూడా అంతే. తామర కూడా బూజు జాతిదే. చెమట, వెచ్చదనం ఉన్న చోట పెరుగుతుంది. ఒకరి హెడ్‌గార్డు ఇంకొకరు పెట్టుకుంటే వారికీ అంటుకుంటుంది.

ఎట్లా శుభ్రం చెయ్యాలి?

బిడ్డ ఇంటికి రాగానే సంచి విప్పించండి. అన్నీ బయటికి తీయించండి.

గ్లౌజులు, హెడ్‌గార్డు, గార్డులు బకెట్లో నానబెట్టొద్దు. లోపలి స్పాంజి నీళ్లు తాగితే తొందరగా ఆరదు. సబ్బు నీళ్లలో బట్ట ముంచి గట్టిగా పిండండి. దానితో లోపల, బయట తుడవండి. తర్వాత మంచి నీళ్ల బట్టతో తుడవండి.

గ్లౌజుల లోపల పాత పేపరు ఉండలు చేసి పెట్టండి. అది తేమను లాగుతుంది. కొంతసేపటికి తీసేయండి. నోరు తెరిచి, గాలి తగిలే నీడలో వేలాడదీయండి. రోజూ మండే ఎండలో పెడితే పైతోలు పగులుతుంది.

మౌత్‌గార్డును చల్లని నీళ్లలో, సబ్బుతో, విడిగా పెట్టిన బ్రష్షుతో కడగండి. వేడి నీళ్లలో వేస్తే దాని ఆకారం పోతుంది. పళ్లకు సరిగా కూర్చోదు. ఒకరిది ఇంకొకరు పెట్టుకోవద్దు.

కరాటే బట్టలు ఆడిన ప్రతిసారీ ఉతకాలి. వాటిని ఎండలో ఆరేయొచ్చు. సంచిని కూడా దులిపి, తిప్పి ఆరేయాలి.

చినిగితే?

పట్టీ ఊడినా, పైతోలు పగిలినా, స్పాంజి గట్టిపడినా ఆ తొడుగు దెబ్బను ఆపలేదు. పట్టీ అయితే కుట్టించండి. స్పాంజి పోతే దానితో ఆడనివ్వొద్దు.

బడిలో ఒకే తొడుగును ఒకరికంటే ఎక్కువ మంది పిల్లలు వాడొచ్చు. బడిలో తల్లుల మీటింగుకు పోయినప్పుడు అడగండి. "సార్, ఒకరు విప్పినంక తుడిచి ఇంకొకరికి ఇస్తున్నారా? తాడు మీద ఆరేస్తున్నారా? పెట్టెలో కుప్ప పోస్తున్నారా?" అడగడం మన హక్కు.

తామర వస్తే?

షాపులో ఏదో ఒక ట్యూబు కొని రాయొద్దు. కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ మందు కలిసి ఉంటుంది. దురద తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ తామర పాకుతుంది. సర్కారు దవాఖానకు పోండి. దురద తగ్గగానే మందు ఆపొద్దు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. డాక్టరు సరే అనేదాకా ఎదురెదురు ఆట ఆపాలి. బిడ్డ తువ్వాల వేరుగా పెట్టండి.

ఆ అమ్మ బిడ్డను దవాఖానకు తీసుకపోయింది. మందు తెచ్చింది. ఇంటికి వచ్చి వాకిట్లో తాడు కట్టింది. ఒక్కో తొడుగు తుడిచి బిడ్డ చేతికిచ్చింది. బిడ్డ తాడుకు వేలాడదీసింది.

"మరి కరాటే బంద్ చెయ్యాల్నా అమ్మా?"

"కరాటే ఎందుకు బంద్? తడి సంచి మూట కట్టుడు బంద్."

గుర్తు పెట్టుకుందాం: విప్పాలి. తుడవాలి. ఆరబెట్టాలి.