కోటకు తగిన సున్నము

గోలకొండ కోటను చూడనివారు మన జంటనగరములలో అరుదు. కాకతీయుల నాటి ఈ దుర్గము, 1518 మొదలు 1687 వరకు కుతుబ్ షాహీల ఏలుబడిలో రాతిప్రాకారములతోను మహళ్లతోను పెంపొందినది. 1687లో ఔరంగజేబు వశమైన పిమ్మట రాజమందిరములు పాడువడినవి.

ఫిరంగులకన్న వాననీరే ఇట్టి కట్టడములకు పెద్ద పగ. నాటి పనివారు రాళ్ల నడుమ గానుగలో నూరిన సున్నమును వాడిరి. జిగికై బెల్లపునీరు, కరక్కాయ రసము కలుపుటయు మన దేశపు వాడుకయే. సున్నపుగచ్చు తాను పీల్చిన తేమను మరల గాలికి విడుచును. గోడ కొంచెము కదలినను సర్దుకొనును. సిమెంటు గట్టిదే గాని తేమను లోపల బంధించును. ఆ తేమలో కరిగిన లవణములు ఆరునపుడు స్ఫటికములై పాతగచ్చును, రాతిపొరలను పెట్లించును. మేలుకోరి చేసిన మరమ్మతే చేటగును.

2013 వానలలో కుతుబ్ షాహీ సమాధుల తోటలోని బడీ బావోలీ గోడ కొంత కూలినది. ఆ యేటనే ఆగాఖాన్ సంస్కృతి సంస్థ అచట పునరుద్ధరణకు పూనుకొని, సమాధులపై వెనుకటి సిమెంటుపూతలను తొలగించి, సున్నమునే వాడినది. గోలకొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించెను.

రెజిమెంటల్ బజారు వంటి పాత పేటల గృహస్థులకును ఇందు పాఠమున్నది. మీది సున్నపుగోడయైనచో, తేమ కనబడగానే సిమెంటు పూయింపకుడు. నీరు ఎచటినుండి వచ్చుచున్నదో ముందు చూడుడు: కప్పు పగులా, పూడిన తూమా, గోడలో మొలచిన రావిమొక్కా? దానిని సరిచేసి, పిమ్మట సున్నపుగచ్చే వేయింపుడు. కోటకైనను ఇంటికైనను రోగమెరిగి మందు వేయవలెను.